ఒక పెట్టెకు రెండు ఆంప్లిఫయర్లు

దొనకొండ శ్రోత ఒకరు మమ్ము ఒక సందేహ మడిగినారు. వారి యింట స్టీరియో స్పీకర్ల జత కలదు. ఒక్కొక్క పెట్టె వెనుక తీగలు బిగించుటకు రెండు జతల మరలున్నవి. ఉన్న ఆంప్లిఫయరునకు తోడుగా మరియొకటి కొని, మంద్రస్వరములకు ఒకటి, తారస్వరములకు ఒకటి చొప్పున కలిపినచో పాట మెరుగగునా యని వారి ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని, ఒక సంసారము కొన్ని నెలలు కూడబెట్టిన సొమ్ము దీని సమాధానముపై ఆధారపడి యున్నది.

పెట్టెలో ఏమి యున్నదో ముందు చూతము. పెద్ద శంకువు గల వూఫరు మృదంగపు గుంభనము వంటి మంద్రధ్వనులను, చిన్నదగు ట్వీటరు తాళముల గలగల వంటి తారధ్వనులను పలుకును. ఈ పంపకము చేయునది క్రాసోవరు. అందలి తీగచుట్ట తారధ్వనులను, కండెన్సరు మంద్రధ్వనులను అడ్డగించును. పెక్కు పెట్టెలలో ఈ సరిహద్దు సెకనుకు 2,000 మొదలు 3,000 కంపనముల నడుమ నుండును.

రెండు ఆంప్లిఫయర్లను కలుపుటకు రెండు పద్ధతులు గలవు. మొదటిది సులభము. లోపలి క్రాసోవరును కదపక, వెనుకనున్న రెండు జతల మరలకు వేరువేరుగా రెండు ఆంప్లిఫయర్లను తగిలించుట. అయితే రెండింటికిని పాట యంతయు పోవుచునే యుండును. కంభం చెరువును తలచుకొనుడు. రెండు కాలువలకును నిండు మట్టమున నీరు వదలి, పొలము చెంత అడ్డుకట్ట వేసినచో, పారు నీరు తగ్గునే గాని కాలువలోని మట్టము తగ్గదు. గట్టు ఎత్తు తగ్గించుటకు వీలులేదు. ఇచటను విద్యుత్ప్రవాహము తగ్గును గాని వోల్టేజి తగ్గదు. కావున ఈ పద్ధతిలో లాభము మిక్కిలి స్వల్పము.

రెండవ పద్ధతిలో పంపకము తూము వద్దనే జరుగును. ఎలెక్ట్రానిక్ క్రాసోవరు ధ్వనిని ముందే విభజించి, ఎవరి పాలు వారి కిచ్చును. 8 ఓముల స్పీకరునకు మంద్రము 20 వోల్టుల శిఖరమును, తారము 20 వోల్టుల శిఖరమును కోరినవనుకొందము. వేరువేరుగా 25 వాట్ల ఆంప్లిఫయర్లు రెండు చాలును. ఒకటే అయినచో శిఖరములు కలిసి 40 వోల్టులగును. దానికి 100 వాట్ల ఆంప్లిఫయరు వలయును. పైగా మద్దెల దెబ్బకు మంద్రపు ఆంప్లిఫయరు తడబడినను గాయకుని కంఠములోని తారాంశము చెడదు. కాని పెట్టెను విప్పి, కొలతలు తీసి, విభజనను తిరిగి కూర్చవలయును. ఇది తెలిసినవారు చేయవలసిన పని.

ఏ పద్ధతికైనను జాగ్రత్త లవసరము. మరల జతలను కలుపు లోహపు పట్టీలను ముందుగా తీసివేయవలయును. అవి యుండగా తీగలు కలిపినచో రెండు ఆంప్లిఫయర్లును ఒకదానిపై నొకటి పనిచేసి కాలిపోవచ్చును. రెండింటి ధ్వనిపెంపు సమానముగా నుండవలయును. రెండవ పద్ధతిలో ట్వీటరునకు ముందు తగిన కండెన్సరు నుంచుట మేలు; కరెంటు పోయి వచ్చినపుడు పుట్టు కుదుపు సున్నితమగు ట్వీటరును చెరుపగలదు.

ఇక రేడియో మాట. మన దేశమున మధ్యతరంగ ప్రసారముల నడుమ ఎడము 9 కిలోహెర్ట్జులు. అందుచే రేడియో సెట్టు సాధారణముగా 4,500 కంపనములకు పైబడిన ధ్వనిని అందీయజాలదు. ట్వీటరునకు పని చాల తక్కువ. ఎఫ్.ఎం. ప్రసారము 15,000 వరకు అందించును గాని, స్టీరియోలో నిర్మలముగా వినుటకు ఏకధ్వని కంటె బలమైన సంకేతము కావలయును. దూరపు కేంద్రమును వినువారికి డాబాపై మంచి ఏరియల్ నెత్తుట ప్రథమ కర్తవ్యము. పెట్టెలను చెవి యెత్తున, కదలక నిలుచునట్లు, వలసినచో మార్కాపురపు పలకరాతి బిళ్లపై నుంచుట రెండవది.

ఇంటి గదిలో మామూలుగా వినుటకు కొద్ది వాట్లే చాలును. మీ ఆంప్లిఫయరు పెద్దగా పెట్టినపుడు కూడ గొంతు చీలనిచో, రెండవది కొనుట వృథా. చీలుచున్నను, ధ్వనిని ముందుగా విభజింపని రెండవ ఆంప్లిఫయరు మీ కొరత తీర్చదు. ఆ సొమ్ముతో ముందుగా ఏరియల్ నెత్తించుడు.