హాప్స్ చేదు మీద హైదరాబాదీ పంచాయితీ

ఫలక్‌నుమా స్టేషన్లో లింగంపల్లి లోకల్ ఎక్కితే యాకుత్‌పుర, మలక్‌పేట, కాచిగూడ, సికింద్రాబాద్ దాటుకుంటూ వెళ్ళి హైటెక్ సిటీలో దిగొచ్చు. బండి బయల్దేరే చోట పంచాయితీ అంతా చాయ్ మీదే. డికాక్షన్ కడక్‌గా దిగిందా, పాలు ఎక్కువై చప్పబడ్డదా, బోర్డు మీద ఇరానీ అని రాసుకుంటే సరిపోతుందా అని ఇంజన్‌బౌలి నుంచి శంషేర్‌గంజ్ దాకా వాదించుకుంటారు. బండి దిగే చోట, అటు హైటెక్ సిటీ, జూబ్లీహిల్స్ మైక్రోబ్రూవరీల్లో, అంతే పట్టుదలతో ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే బీరు మీద వాదన నడుస్తోంది. ఇది తేటగా ఉండే వెస్ట్ కోస్టా, మబ్బుగా ఉండే హేజీయా? ఇంత తియ్యగా ఉంటే ఐపీఏ అనొచ్చా? ఆ వాదనకి దిగేవాళ్ళకి పనికొచ్చే విశేషాలు ఇవి. నా పక్షం ముందే చెప్పేస్తాను. ఈ బీరు పేరులో దాదాపు రెండు వందల ఏళ్ళుగా మన దేశం ఉంది. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన సరుకు ఇప్పుడు మన ఊళ్ళోనే కాగుతోంది. దాని మీద తీర్పు మన నోటితో, మన ముక్కుతో మనమే చెప్పాలి.

గంజాయికి దగ్గర చుట్టం

బీరుకి చేదునిచ్చే హాప్స్, గంజాయి ఒకే కుటుంబం మొక్కలు. ఆ కుటుంబం పేరు కన్నాబేసీ. చుట్టరికం ఉన్నా మత్తు మాత్రం హాప్స్‌కి రాలేదు. బీరులో మత్తంతా మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) చక్కెరలు పులిస్తే వచ్చే ఆల్కహాల్‌దే. హాప్స్ పాకే మొక్క. ఆడ మొక్కకి పచ్చటి పొరలు పొరలుగా వచ్చే పూతనే బీరుకి వాడతారు. ఒక పూతని గోటితో నిలువునా చీలిస్తే రేకుల మొదట్లో పసుపుపచ్చటి పొడి కనబడుతుంది, వేలికి జిగటగా అంటుకుంటుంది. అది లుపులిన్. చేదూ అందులోదే, వాసనా అందులోదే.

కానీ ఈ రెండూ ఒకే వేళకి దిగవు. చేదు రావాలంటే గంటసేపు మరగాలి. ఆ మరుగులోనే లుపులిన్‌లోని ఆల్ఫా ఆమ్లాలు రూపు మారి, కరిగి, చేదెక్కుతాయి. వాసన నూనెలు మాత్రం అంతసేపు మరిగితే ఆవిరైపోతాయి. అందుకని చేదు కోసం వేసేది ముందు వేస్తారు. వాసన కోసం వేసేది మంట ఆపే ముందు వేస్తారు, లేదా పులిసిన బీరులోనే వేసి కొన్నాళ్ళు నాననిస్తారు. ఈ నానబెట్టడాన్నే డ్రై హాపింగ్ అంటారు. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే గుప్పుమంటే అది దాని చలవే.

మన ఎండ ఉంది, మన పగలు చాలదు

హాప్స్ హైదరాబాదులో ఎందుకు పండదు? వేడి ఒక కారణమైతే అసలు అడ్డు పగటి పొడుగు. సాధారణంగా 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్య, వేసవి పగళ్ళు పదిహేను గంటలు సాగే చోట్ల ఇది బాగా ఎదుగుతుంది. మనం ఉన్నది 17 డిగ్రీల దగ్గర. జూన్‌లో కూడా మన పగలు పదమూడు గంటల చిల్లరే. మొక్క సరిగా ఎదక్కముందే పూతకి వచ్చేస్తుంది. మన దేశంలో హాప్స్ సాగుకి పేరున్న చోటు హిమాచల్‌లోని లాహౌల్ లోయ. మిగతాది ఎక్కువగా అమెరికా, జర్మనీల నుంచి గుళికల రూపంలో దిగుతుంది.

ఇండియా ఎలా వచ్చి చేరింది

లండన్ తూర్పు చివర బో అనే పేటలో జార్జ్ హాడ్జ్‌సన్ 1752 నుంచి బీరు కాచేవాడు. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు ఆయనకి దగ్గర. ఓడ కెప్టెన్లకి సొంత వ్యాపారం కింద కొంత సరుకు తెచ్చుకునే వెసులుబాటు ఉండేది. హాడ్జ్‌సన్ వాళ్ళకి ఏడాది పైచిలుకు అప్పు పెట్టి పీపాలు ఎక్కించేవాడు. ఆ బీరు ఆఫ్రికా చుట్టూ తిరిగి, రెండుసార్లు భూమధ్యరేఖ దాటి, నాలుగు నుంచి ఆరు నెలలకి మద్రాసు చేరేది. దారి పొడుగునా వేడికి, ఊపుకి బాగా పక్వమయ్యేది.

ఎండదేశపు ప్రయాణం కోసమే ఎవరో ఒక మేధావి ఐపీఏని కనిపెట్టాడని చాలాచోట్ల చదువుతాం. ఆధారాలు ఆ మాట చెప్పవు. హాప్స్ దండిగా వేసి ఏడాది, రెండేళ్ళు నిలవబెట్టే అక్టోబర్ బీరు ఇంగ్లండులో అప్పటికే ఉంది. హాడ్జ్‌సన్ ఎగుమతి చేసింది ఆ బాపతుదే. కనిపెట్టింది ఏదైనా ఉంటే అది అప్పు పద్ధతి అని నా అభిప్రాయం. 1820ల్లో ఆయన వారసులు కెప్టెన్లని పక్కకి నెట్టి లాభమంతా తామే మిగుల్చుకోవాలని చూశారు. ఈస్టిండియా కంపెనీ పెద్దల్లో ఒకరైన మార్జొరిబాంక్స్ 1822 ప్రాంతంలో బర్టన్ ఊరికి చెందిన శామ్యూల్ ఆల్సప్‌కి అదే బీరు కాయమని సలహా ఇచ్చాడు. ఆల్సప్ దగ్గర పనిచేసే జోబ్ గుడ్‌హెడ్ తొలి నమూనాని టీపాట్‌లో కాచాడని బర్టన్లో చెప్పుకుంటారు. చాయ్ పేటలో ఉండేవాడిగా ఆ కథంటే నాకు ఇష్టం.

పేరు మాత్రం తరవాతే వచ్చింది. ఈస్ట్ ఇండియా పేల్ ఏల్ అనే మాట 1829లో సిడ్నీ పత్రిక ప్రకటనలో, ఇండియా పేల్ ఏల్ అనేది 1835లో లివర్‌పూల్ పత్రికలో కనబడతాయి. రెండూ ఇండియా బయటివే.

లష్కర్‌లో ఎవరి గ్లాసులో ఏముంది

లష్కర్ అని పిలిచే సికింద్రాబాద్ కంటోన్మెంటుకి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అలాంటి దండుల్లో పేల్ ఏల్ తాగింది ఎక్కువగా ఆఫీసర్లు, దొరలు. మామూలు గోరా సిపాయి తాగింది పోర్టర్, అంటే నల్లటి బీరు. అది కూడా ఇంగ్లండు నుంచి పెద్దయెత్తునే వచ్చేది. ఓడలో వచ్చిందంతా లేత రంగు బీరే అనుకోవడం పొరపాటు.

మద్రాసుకి అప్పట్లో సరైన ఓడరేవు లేదు. ఓడ దూరాన ఆగేది. మేకు అన్నది లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టి కట్టిన మసులా పడవల్లో సరుకంతా అలల మీద ఒడ్డుకి చేరేది. సికింద్రాబాదుకి రైలు వచ్చింది 1874లో. అంతకుముందు బండ్ల మీదే రావాలి.

అంతదూరం వచ్చిన సీసాని చల్లబరచడానికి అబ్దార్ అనే ప్రత్యేక పనివాడు ఉండేవాడు. నీళ్ళలో సురేకారం కలిపితే నీళ్ళు చల్లబడతాయి. అందులో సీసా నిలబెట్టి తిప్పేవాడు. మొగల్ దర్బారు నుంచి వచ్చిన విద్య అది. అమెరికా నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలు దాచడానికి మద్రాసులో ఐస్‌హౌస్ కట్టింది 1842లో. ఆ భవనం ఇప్పటికీ ఉంది.

కొండమీద మహలు లేచిన రోజులు

1884 మార్చి 3న వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా మహలుకి పునాది వేశాడు. పని తొమ్మిదేళ్ళు సాగింది. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వచ్చింది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల దాని ప్రత్యేకత. సరిగ్గా ఆ కాలానికే పేల్ ఏల్ ప్రపంచమంతా పరుచుకుంది. బర్టన్లోని బాస్ కంపెనీ 1877 నాటికి ప్రపంచంలోనే అతిపెద్ద బ్రూవరీ. దాని ఎర్ర త్రికోణం బ్రిటన్‌లో నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు, 1876లో. ఎడ్వార్ మానే 1882లో ప్రదర్శించిన ఫోలీ బెర్జేర్ బారు చిత్రంలో పిల్ల ముందు ఉన్న సీసాల మీద ఆ త్రికోణం స్పష్టంగా కనబడుతుంది.

1880లో బ్రిటన్ బీరు పన్నుని దాని గాఢతకి ముడిపెట్టింది. అక్కణ్ణించి మెల్లగా అక్కడి బీర్లు పలచబడుతూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం సగం దాటేసరికి ఐపీఏ అని చీటీ ఉన్న సీసాల్లో పాత చేదు పెద్దగా మిగల్లేదు.

బర్టన్ నీళ్ళ మహిమ

బర్టన్ బావుల్లో జిప్సం ఎక్కువ. అందులోని సల్ఫేట్ హాప్స్ చేదుని పొడిగా, పదునుగా నిలబెడుతుంది. మిగతా ఊళ్ళ వాళ్ళు తమ నీళ్ళలో జిప్సం కలిపి ఆ గుణం తెచ్చుకోవడం నేర్చారు. దానికి బర్టనైజేషన్ అని పేరే పడింది. సల్ఫేట్ బదులు క్లోరైడ్ పాలు పెంచితే బీరు మెత్తగా, గుండ్రంగా తగులుతుంది. హేజీ ఐపీఏల కిటుకు అదే. కృష్ణా నీళ్ళయినా, మంజీరా నీళ్ళయినా ముందు శుభ్రం చేసి, లవణాలు లెక్కపెట్టి కలిపితే రెండు దారులూ తెరిచే ఉంటాయి.

ధనియాలు, గులాబీ, మామిడి

హాప్స్ వాసన గురించి మాట్లాడేటప్పుడు పైన్ చెట్టు, గ్రేప్‌ఫ్రూట్ అని అరువు మాటలు వాడేస్తాం. ఆ అవసరం మనకి లేదు. హాప్స్‌లో ఉండే లినలూల్ మన ధనియాల సువాసనకి మూలం. జెరానియాల్ గులాబీలో ఉంది. మిర్సీన్ కొన్ని రకాల మామిడిపళ్ళలోనూ, నిమ్మగడ్డిలోనూ దండిగా ఉంటుంది. జామపండు పగలగొడితే వచ్చే ఘాటుకి కారణమైన గంధకపు పదార్థాల్లో కొన్ని సిట్రా లాంటి హాప్స్‌లోనూ ఉన్నాయి. అదే బాపతులో మరొకటి మోతాదు దాటితే పిల్లి ఉచ్చ కంపు కొడుతుంది. కొన్ని హాప్స్ పంట ఆలస్యంగా కోస్తే ఉల్లి, వెల్లుల్లి వాసన పడతాయి. ఏది కచ్చా, ఏది పక్కా అని మామిడి బండి దగ్గర వాసన చూసి చెప్పగలిగినవాళ్ళు హేజీ ఐపీఏ గ్లాసు మీద కూడా నిస్సంకోచంగా మాట్లాడొచ్చు.

ఒకే గ్లాసు, ఇద్దరి చేదు

చేదు నాలుక వెనకభాగంలోనే తెలుస్తుందని స్కూలు పుస్తకాల్లో బొమ్మ ఉండేది. అది తప్పు. నాలుక మీద రుచిమొగ్గలున్న ప్రతిచోటా చేదు తెలుస్తుంది. మనిషికి చేదు పట్టే గ్రాహకాలు దాదాపు 25 రకాలు. వాటిలో తేడాలు పుట్టుకతో వస్తాయి. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాల్లో లేచింది. పక్కనున్నాయన చేదని మొహం చిట్లించాడు, ఫాక్స్‌కి ఏమీ తెలియలేదు. ఆ తేడా వంశపారంపర్యమని తరవాత తేలింది. కాబట్టి ఎదుటివాడు భరించలేనంత చేదు అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు.

చేదుకి కొలత ఉంది, ఐబీయూ. లీటరులో ఒక మిల్లీగ్రాము ఐసో ఆల్ఫా ఆమ్లం ఉంటే సుమారుగా ఒక ఐబీయూ. మనకి అలవాటైన సీసా లాగర్లు 10, 20 మధ్య ఉంటాయి. ఐపీఏ మామూలుగా 40 నుంచి 70. కానీ అంకె చూసి మోసపోకూడదు. మాల్ట్ తీపి, ఓట్స్ మెత్తదనం ఉంటే 50 కూడా సాధువుగా తగులుతుంది.

అసలు తగాదా

1972లో అమెరికాలో కాస్కేడ్ అనే హాప్ విడుదలైంది. 1975లో యాంకర్ లిబర్టీ ఏల్, 1980లో సియెర్రా నెవాడా పేల్ ఏల్ దాన్ని ఇంటింటి పేరు చేశాయి. తేటగా మెరిసే రంగు, పొడి ముగింపు, గట్టి చేదు ఉన్న వెస్ట్ కోస్ట్ ఐపీఏ అక్కణ్ణించి పెరిగింది. 2004లో వెర్మాంట్‌లోని ఆల్కెమిస్ట్ నుంచి హెడీ టాపర్ వచ్చింది. వడకట్టని మబ్బు రంగు, పళ్ళ వాసన, తగ్గిన చేదు. మొదట్లో దీన్ని లోపమన్నారు. 2018లో అమెరికా బ్రూవర్స్ అసోసియేషన్ హేజీ ఐపీఏకి తన జాబితాలో చోటిచ్చింది. పాతకాపులు ఇది పళ్ళరసమనీ, కొత్తవాళ్ళు అది వేపకషాయమనీ ఇంకా అనుకుంటూనే ఉన్నారు.

బ్లాక్ ఐపీఏ వచ్చేసరికి గొడవ ఇంకా ముదిరింది. పేల్ అంటే లేత రంగు, మరి నల్లటి పేల్ ఏమిటని. రంగు మాల్ట్‌ది, ఐపీఏ అనిపించేది హాప్స్. ఆ రెండో దానికే నా ఓటు. తియ్యటి హేజీని కూడా ఐపీఏ గడపలోంచి నేను గెంటను. కానీ మింగాక చేదు జాడ కూడా లేకుండా పోతే దానికి ఆ పేరు తగదని గట్టిగా అంటాను.

బెంగళూరు మీదుగా మనదాకా

మన కుర్రాళ్ళలో చాలామంది ఈ రుచి ముందు బెంగళూరులో ఎరిగారు. టాయిట్ 2010లో, మిషిగన్ మూలాలున్న ఆర్బర్ 2012లో అక్కడ తెరిచారు. ఆర్బర్ వాళ్ళ రేజింగ్ ఎలిఫెంట్ చాలామందికి తొలి ఐపీఏ. తెలంగాణ మైక్రోబ్రూవరీల నిబంధనలు 2015లో వచ్చాయి. ఆ తరవాత జూబ్లీహిల్స్‌లో ప్రోస్ట్, హాప్స్ పేరే పెట్టుకున్న హాపరీ, నగరం ఎస్టీడీ కోడ్ పెట్టుకున్న జీరో40 లాంటివి లేచాయి. సంగారెడ్డి జిల్లాలోని పెద్ద బ్రూవరీల సీసా బీరు రాష్ట్రమంతా ప్రవహిస్తుంటే ఇవి ఎక్కడ కాచింది అక్కడే పోస్తాయి.

ఐపీఏకి అది పెద్ద వరం. హాప్స్ వాసన గాలికి, వేడికి, వెలుగుకి త్వరగా చస్తుంది. ఎండ తగిలిన లేతరంగు సీసాలో హాప్ పదార్థాలు విరిగి, నిమిషాల్లోనే గంధకపు దుర్వాసన పుడుతుంది. గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. ఆరు నెలలు ఓడలో ఊగి వచ్చిన నాటి బీరుది పాతబడితే వచ్చే రుచి, ఇప్పటి ఐపీఏది తాజాదనపు రుచి. పేరొక్కటే, కోరేది తలకిందులు.

కాబట్టి ఈసారి వెళ్తే (21 నిండినవాళ్ళు, బండి నడపనివాళ్ళు) చిన్న శాంప్లర్ గ్లాసుల్లో రెండు రకాలు పక్కపక్కన పెట్టించుకోండి. ట్యాంకులోకి ఎప్పుడు ఎక్కించారో అడగండి. గడ్డకట్టేంత చల్లదనంలో వాసన పైకి లేవదు. గ్లాసుని అరచేతుల్లో పట్టి 8, 10 డిగ్రీలకి రానిచ్చి, ముందు వాసన చూసి, తరవాత గుక్క వేసి, మింగాక పది అంకెలు లెక్కపెట్టి చేదు ఎక్కడ నిలిచిందో చూడండి. మిర్చీ కా సాలన్‌తో మాత్రం మొదటి గ్లాసు తాగకండి. చేదు, గ్యాసు కలిసి కారాన్ని రాజేస్తాయి, ఇక తగాదా ఐపీఏ గురించి జరగదు.