మాట ముందా? చెయ్యి ముందా?

టీవీలో కంప్యూటర్ బొమ్మ మాట్లాడుతుంటే చూసేరా? పెదాలు సరిగ్గా కదిలినా, చెయ్యి ఆలస్యంగా లేస్తే మనకి నమ్మబుద్ధి కాదు. ఎందుకంటే మనుషులు మాట్లాడేటప్పుడు చెయ్యి మాటకంటే కొంచెం ముందు గాని, మాటతోపాటు గాని వస్తాది. "ఇంత పెద్ద కొండ" అని చెప్పి చూడండి. "ఇంత" అనేసరికే చేతులు విచ్చుకుంటాయి. కాబట్టి బొమ్మను చేసేవాళ్లు ఏ మాటను ఒత్తి పలకాలో ముందే తెలుసుకొని, చేతిని అంతకుముందే లేపాలి. 1994లో అమెరికాలో జస్టిన్ కాసెల్ అనే ఆవిడ, ఇంకొందరు కలిసి మాట, ముఖం, చెయ్యి మూడూ కంప్యూటరే కలిపి నడిపే బొమ్మలు చేసేరు.

మన తోలుబొమ్మలాటలో ఈ విద్య ఎప్పటినుంచో ఉంది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మకి నోరు కదలదు. ఏ బొమ్మ చెయ్యి ఊగితే ఆ బొమ్మే మాట్లాడుతున్నట్టు లెక్క. తెర వెనక మాట చెప్పే మనిషే పుల్ల పట్టుకొని చెయ్యి ఊపుతాడు, అందుకే తేడా రాదు.

నా సంగతి కూడా చెప్తాను. వక్తృత్వ పోటీకి తెలుగు మాటలు ఒకసారి, చేతులు ఎప్పుడు లేపాలో ఇంకోసారి బట్టీ పట్టేను. స్టేజీ మీద మాట వెతుక్కుంటుంటే చెయ్యి ఆగిపోయింది. మాట అయిపోయేక లేచింది. అందరూ నవ్వేరు. నాకు ఏడుపొచ్చింది. సెలవులకి ఇంటికెళ్లి అదే కథ అమ్మమ్మకి మా కువి భాషలో చెప్పేను. చేతులు ఎప్పుడు లేచేయో నాకే తెలీలేదు.

— 9వ తరగతి విద్యార్థిని