అహల్యయు, హెస్టరును

దిండిగల్ కొండకోట పరిసరములలో తరతరములుగా స్థిరపడిన తెలుగువారిలో పెక్కండ్రు చదువు తమిళమున సాగించి, ఇంటిమాట మాత్రము తెలుగుగా నిలుపుకొన్నారు. ఆ కోట నేలిన మధుర నాయకుల యాస్థానమున వెలసిన ‘అహల్యాసంక్రందనము’ వారికి దూరమగుట వింత గాదు. తెలుగు లిపి చక్కగా నెరిగిన రాజధానీ విద్యావంతులకును అది పేరుగానే మిగులుట వింత. కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చదివిన మనవారు హాథార్న్ రచించిన ‘స్కార్లెట్ లెటర్’ నెరుగుదురు. ఈ రెంటిని ఒకచోట నుంచి చదువుట లాభకరమని మా యభిప్రాయము.

1850లో వెలువడిన ఆ నవల పదునేడవ శతాబ్దపు బోస్టన్‌లో నడచును. హెస్టర్ ప్రిన్ భర్త దూరమున నుండగా బిడ్డను గన్నది. ప్యూరిటన్ పెద్దలు ఆమెను ఊరి నడుమ దండనవేదికపై నిలిపి, రొమ్మున ఎఱ్ఱని ‘ఏ’ అక్షరమును జీవితాంతము ధరింపుమని విధించిరి. దోషమున పాలుగొన్న పురుషుడు ఆ యూరి మతాచార్యుడైన డిమ్స్‌డేలే. ఆమె అతని పేరు చెప్పలేదు, అతడును చెప్పుకొనలేదు. ఇది కల్పన. చరిత్ర యింకను కఠినము: 1644లో ఆ బోస్టన్‌లోనే మేరీ లేథమ్, జేమ్స్ బ్రిటన్ అను నిరువురిని వ్యభిచార దోషమునకు ఉరిదీసిరి.

చిత్రమేమనగా, ఇరువది నాలుగు ప్రకరణముల యా నవలలో దోషము జరిగిన ఘట్టమే లేదు. కథ కారాగృహ ద్వారమున మొదలగును. విజయరంగ చొక్కనాథుని (1706-1732) కొలువులోని సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు దీనికి విపర్యయముగా నడచెను. అతని అహల్య వివాహమునకు ముందే ఇంద్రుని వలచినది. పిదప, వచ్చినవా డెవడో యెరిగియే ఆదరించినది. హాథార్న్ విడిచినదానినే ఈ కవి ముచ్చటపడి వర్ణించినాడు. శృంగారము మితిమీరినదని దక్షిణాంధ్ర కవులను నిందించువారు గలరు. ఆ నింద పూర్తిగా నిరాధారము గాదు. కాని అహల్యను మోసపోయిన అమాయికగా జేయక, తన మనసు తానెరిగిన స్త్రీగా నిలిపిన ధైర్యమును వారు గుర్తింపరు. వాల్మీకియు ఆమె యెరిగియే సమ్మతించెనని చెప్పినాడు గదా!

దోషఫలమును అనుభవించిన తీరు చూడుడు. గౌతముడు ఎదుటనే శపించి తపస్సునకు వెడలిపోయెను. హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్ పేరు మార్చుకొని, వైద్యుడై, డిమ్స్‌డేల్‌తో ఒకే యింట జేరి, ఏండ్ల తరబడి అతని హృదయమును త్రవ్వుచుండెను. ఈ పగ ఆ యిరువురి పాపముకంటె హీనమని నవల తీర్పు. పురాణములలో ఇంద్రుని యొడలి గురుతులే తుదకు కన్నులైనవి. హెస్టర్ సూదిపనితో బ్రదుకుచు, రోగులకు, పేదలకు పరిచర్య సేయగా, ఆమె ‘ఏ’ అక్షరమును జనులు ‘ఏబుల్’, అనగా సమర్థురాలు, అని చదువసాగిరి. డిమ్స్‌డేల్ గురుతు మాత్రము వస్త్రము క్రింద దాగి అతనిని తినివేసెను. కడకు అతడు అదే వేదిక యెక్కి, జనుల యెదుట దోషము నొప్పుకొని, అచటనే ప్రాణము విడిచెను.

అహల్యకు విముక్తి రాముని రాకతో గలిగినది. శిలయై, రామపాదము సోకి లేచెనని మనవారెల్లరు చెప్పుదురు. వాల్మీకమున నామె భస్మమున బడియుండి, వాయువే ఆహారముగా, ఎవరికిని కనబడక తపించినది. శాపము తీరగా రామలక్ష్మణులే ఆమె పాదములకు మ్రొక్కిరి. ఈ భేదము చిన్నది గాదు.

మన చట్టము త్రోవ వేరు. మెకాలే 1837 నాటి ముసాయిదాలో వ్యభిచారమును నేరముగా చేర్చలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షను వచ్చి చేరెను. దానిలో శిక్ష పరుని భార్యను గూడిన పురుషునకే. భర్త సమ్మతి యున్నచో నేరమే లేదు. స్త్రీ ప్రేరకురాలుగానైనను శిక్షార్హురాలు గాదు. కరుణవలె కనుపించు ఈ మినహాయింపు స్త్రీని భర్త సొత్తుగా నెంచుటవలన గలిగినదే. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని కొట్టివేసెను. విడాకులకు మాత్రము వ్యభిచారము కారణముగా నిలిచియున్నది. ఇక ఇరుగుపొరుగుల తీర్పు ఏ ధర్మాసనమునకు లోబడును?

అట్టి తీర్పునకు హెస్టర్ చెప్పిన జవాబు తలపదగినది. కుమార్తె పెర్ల్‌తో దేశాంతరమేగిన యామె కొన్నియేండ్లకు ఒంటరిగా బోస్టన్‌కు తిరిగివచ్చి, ఎవరును నిర్బంధింపకయే ఆ యక్షరమును మరల ధరించినది. కష్టములలో నున్న స్త్రీలు ఆలోచన యడుగుటకై ఆమె కుటీరమునకు వచ్చుచుండిరి.