అరకు నుండి జయపురం దాకా

విశాఖ నుండి అరకు చూడబోయేవారు సాధారణంగా బొర్రా గుహలను, పద్మాపురం ఉద్యానవనాన్ని దర్శించి తిరిగి వస్తారు. అదే కొత్తవలస - కిరండూల్ రైలుమార్గంలో మరికొంత సాగితే కోరాపుట్ దాటి జయపురం చేరుతాము. తూర్పు కనుమల అడవుల నడుమ వెలసిన ఈ రాజధాని ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు అందులో చేరింది.

అక్కడి రాజప్రాసాదం ముందు నిలిచినప్పుడు మనకు జ్ఞప్తికి రావలసినవారు మహారాజా విక్రమదేవ వర్మ (1869-1951). తెలుగు, ఒడియా భాషలు రెండింటా కవిత్వం చెప్పిన ఆ ప్రభువు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటేటా లక్ష రూపాయల విరాళమిచ్చారు. అక్కడి విజ్ఞానశాస్త్ర కళాశాలకు ఆయన పేరే పెట్టారు.

అయితే ఆ ధనం ఎక్కడిదని కూడా మనం విచారించవలె. సంస్థానపు రాబడి అంటే కొండరైతు కట్టిన శిస్తు, అడవి ఇచ్చిన కలప. దాత పేరు నిలిచింది గాని శిస్తు కట్టినవారి పేర్లు ఏ శిలపైనా కానరావు.

ఆ నేలపై హక్కు ఎవరిదన్న ప్రశ్న రాజుల కాలంతో ముగియలేదు. బొర్రా పరిసరాలలోని గనుల కౌళ్లపై 'సమత' సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గిరిజనేతర సంస్థలకు గనుల నిమిత్తం ఇవ్వరాదన్నది దాని సారాంశం.

కనుక విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. విహారయాత్రకు వెళ్లినప్పుడు ప్రాసాదాన్ని, అడవిని చూచి రండి. వారపుసంతలో పసుపో అల్లమో కొన్నప్పుడు, అది ఏ ఊరి కొండపై పండిందో కూడా అడిగి తెలుసుకొని రండి.