ఓటమి ఎరుగని ఉల్యానా సెమ్యోనొవా

రేడియోలో ఆటల వ్యాఖ్యానము చెప్పువారికి ఒక చిక్కు కలదు. ఆటగాడు ఎంత పొడగరియో శ్రోతకు కనిపించదు. మాటతో చెప్పి తీరవలెను. ఆరడుగుల మనిషి అనగానే వినువారు తమ యింటి ద్వారబంధమును తలచుకొని కొలత వేసికొందురు. ఏడడుగుల స్త్రీ అనినచో మాత్రము ఆ కొలత చాలదు. శ్రోత మనస్సు ఆ ఒక్క మాట వద్దనే నిలిచిపోవును. తరువాత ఆమె ఎట్లు ఆడినదో ఎంత వివరించినను చెవికెక్కదు. లాత్వియా దేశపు బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి ఉల్యానా సెమ్యోనొవా విషయమున లోకము పలుమారులు ఈ విధముగనే నడచుకొన్నది. అందుచేత ఆమె ఎత్తును మొదటనే చెప్పివేసి, తరువాతి సంగతులలోనికి పోవుట మేలు.

ఆమె ఎత్తు 2 మీటర్ల 10 సెంటీమీటర్లు. 2 మీటర్ల 13 సెంటీమీటర్లని చెప్పు లెక్కలు కూడ కలవు. మన కొలతలో దాదాపు ఏడడుగులు. 1968వ సంవత్సరము నుండి 1985 వరకు ఆమె సోవియట్ యూనియన్ జాతీయ మహిళా జట్టులో ఆడినది. ఆ పదునెనిమిది సంవత్సరములలో అధికారిక అంతర్జాతీయ పోటీలలో జాతీయ జట్టు తరపున ఆమె ఒక్క ఆటయైనను ఓడిపోలేదు. ‘అంత ఎత్తుండగా ఓడుట యెట్లు?’ అని కొందరు అనవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

సెమ్యోనొవా 1952 మార్చి 9వ తేదీన జన్మించినది. లాత్వియాకు ఆగ్నేయమున, లిథువేనియా సరిహద్దునకు చేరువగా దౌగావ్‌పిల్స్ అను పట్టణము కలదు. దానికి సమీపముననున్న మెదుమి అను పల్లె ప్రాంతమున ఆమె పెరిగినది. ఆనాడు లాత్వియా సోవియట్ యూనియన్‌లో ఒక భాగము. పదమూడేండ్ల ప్రాయమునకే ఆ పిల్ల ఆరడుగులు దాటినది. పల్లెటూరిలో అట్టి బాలిక ఎవరి కంటను పడకుండ వీధి దాటుట సాధ్యము కాదు కదా!

ఇచ్చట నా చిన్ననాటి ముచ్చట ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. నేను చదువుకొన్న హైస్కూలులో ఒక బాలిక ఉండెడిది. పదవ తరగతి నాటికే పంతుళ్లలో సగముమంది కంటె పొడవు. తరగతి ఫొటో తీయించునాడు ఆమెను వెనుక వరుసలో, చిట్టచివర నిలిపిరి. అంతటితో ఆగక, “కొంచెము వంగవమ్మా, వరుస పాడగుచున్నది” అనిరి. ఆమె మారుమాటాడక వంగినది. అందరము నవ్వితిమి, నేనును నవ్వితిని. ఆ తరువాత నేను చూచినప్పుడెల్ల ఆ పిల్ల భుజములు ముందుకు వంచియే నడచెడిది. ఉల్యానా జీవితమును గురించి చదువునపుడెల్ల నాకు ఆ ఫొటో గుర్తుకు వచ్చును.

ఉల్యానాను వంగుమనుటకు బదులు రమ్మని పిలిచినవారు దొరికిరి. ఆమె ఎత్తును గూర్చి విన్న శిక్షకులు ఆమెను పల్లె నుండి రాజధానియైన రీగా నగరమునకు చేర్చిరి. అక్కడ టి.టి.టి. అను మహిళా జట్టు కలదు. ఆ మూడక్షరములకు అర్థము రీగా నగరపు ట్రాములు, ట్రాలీబస్సులు నడపు సంస్థ. ఆ సంస్థ పేరిట 1958లో ఏర్పడిన ఆ జట్టు 1960 నాటికే ఐరోపా ఖండములోని క్లబ్బు జట్లన్నింటిని ఓడించి కప్పు గెలిచినది. రైమొండ్స్ కర్నీటిస్ అను కోచ్ ఆ జట్టును తీర్చిదిద్దుచుండెను. అనగా ఉల్యానా వచ్చి ఆ జట్టును నిలబెట్టలేదు. ఆమె రాకముందే అది గెలుపు నేర్చిన జట్టు. పొడగరి పిల్ల వచ్చినదని సంబరపడి ఊరకుండక, ఆమెకు ఆట నేర్పగలిగిన వారు అందులో ఉండిరి. ఆమె అదృష్టములో సగము ఎత్తైనచో, తక్కిన సగము ఇదియే.

బాస్కెట్‌బాల్‌లో ఎత్తు ఎంతవరకు పనిచేయునో కొంచెము చూతము. బంతి వేయవలసిన ఇనుప వలయము నేలకు 3 మీటర్ల 5 సెంటీమీటర్ల ఎత్తున, అనగా పదడుగుల ఎత్తున ఉండును. ఇది పురుషులకును స్త్రీలకును ఒక్కటియే. ఏడడుగుల మనిషి చేతులు పైకెత్తి నిలిచినచో వ్రేళ్ల కొనలకును వలయమునకును మధ్య ఒక అడుగు దూరము మించి ఉండదు. గురి తప్పి తిరిగివచ్చు బంతిని రీబౌండు అందురు. దానిని ఇతరులు ఎగిరి అందుకొనవలెను. ఆమె చేయి చాచిన చాలును. మూడు పాయింట్ల గీత అంతర్జాతీయ ఆటలోనికి 1984లో గాని రాలేదు. అందుచేత ఆ కాలమున వలయము చెంత ఆడువారికి విలువ మరింత ఎక్కువ.

అయితే ఆట నియమములు రచించినవారు పొడగరులను మరచిపోలేదు. తమ జట్టు చేతిలో బంతి ఉన్నపుడు వలయము ముందున్న గీతల నడుమ ఎవరును మూడు సెకండ్లకు మించి నిలువరాదు. వలయము వైపు దిగుచున్న బంతిని తాకరాదు. కనుక అక్కడ స్తంభము వలె పాతుకొని నిలిచినచో ప్రయోజనము లేదు. లోనికి వచ్చుట, బంతి అందుకొనుట, తిరుగుట, వేయుట, వెలుపలికి పోవుట — ఇదంతయు లెక్క ప్రకారము జరుగవలెను.

ఎత్తునకు కీడు కూడ కలదు. పెద్ద శరీరము త్వరగా మలుపు తిరుగలేదు, త్వరగా అలసిపోవును. పొడవైన మనిషి బంతిని నేలకు కొట్టుచు పరుగెత్తినచో, బంతి నేలకును చేతికిని నడుమ ఎక్కువ దూరము పోవును. పొట్టి ఆటగత్తె చటుక్కున దానిని తన్నుకొనిపోగలదు. మీదుమిక్కిలి, ఇద్దరు ముగ్గురు ఎదిరి ఆటగత్తెలు చుట్టుముట్టి మోచేతులతో అడ్డగింతురు. ఆ కాలమున స్త్రీలును పురుషుల బంతితోనే ఆడవలసి యుండెను. అంతర్జాతీయ పోటీలలో స్త్రీలకు చిన్న బంతి 2004లో వచ్చినది. వీటన్నింటికిని ఉల్యానా నేర్చుకొన్న ఉపాయము సులభముగా కనిపించును. అభ్యాసము మాత్రము సులభము కాదు. బంతి చేతికి వచ్చిన పిమ్మట దానిని క్రిందికి దింపరాదు. తలకు పైననే ఉంచుకొని, ఒక్క అడుగు తిరిగి, మెత్తగా వలయములో వదలవలెను. ఎదిరి ఆటగత్తెలు మీదికి వచ్చినచో, ఖాళీగా నున్న తన జట్టువారికి బంతి అందించవలెను. తోటివారును ఆమె వ్రేళ్లకు అందునట్లు, ఇతరులకు అందనట్లు బంతి విసరుట నేర్చిరి.

పదునారేండ్ల ప్రాయమున, 1968లో, ఇటలీలోని మెస్సీనాలో జరిగిన ఐరోపా చాంపియన్‌షిప్‌లో ఆమె మొదటిసారి జాతీయ జట్టు తరపున స్వర్ణము గెలిచినది. ఆ జట్టునకు కోచ్ లిదియా అలెక్సేయెవా. 1962 నుండి 1984 వరకు ఆమె ఆ బాధ్యత వహించినది. ఆ జట్టు ఉల్యానా రాకముందు 1959, 1964, 1967 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచినది. ఇది గమనింపదగిన విషయము. ఏడడుగుల మనిషి ఒక్కతె చాలునన్నచో, ఆమె లేని నాటి విజయములు ఎట్లు వచ్చినవి? గొప్ప శిక్షణగల జట్టులోనికి గొప్ప ఎత్తు వచ్చి చేరినది. రెండును కలిసినందుననే ఓటమి దరిచేరలేదు.

ఒలింపిక్స్‌లో మహిళల బాస్కెట్‌బాల్ మొట్టమొదట ప్రవేశించినది 1976లో, కెనడాలోని మాంట్రియల్ నగరమున. అక్కడ సోవియట్ జట్టు అమెరికా జట్టును 112–77 తేడాతో ఓడించినది. ఆ పోటీలలో ఉల్యానా సగటున ఆటకు 19 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించినది. 1980లో మాస్కోలో బల్గేరియాపై 104–73 తో గెలిచి రెండవ స్వర్ణము పొందినది. ప్రపంచ చాంపియన్‌షిప్ 1971, 1975, 1983లలో మూడు మారులు, ఐరోపా చాంపియన్‌షిప్ పది మారులు గెలిచినది. టి.టి.టి. జట్టుతో పదునొకండు ఐరోపా కప్పులు, పదునైదు సోవియట్ చాంపియన్‌షిప్పులు వచ్చినవి. రాజకీయ కారణముల వలన 1979లో దక్షిణ కొరియాలోని ప్రపంచ పోటీలకును, 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కును సోవియట్ జట్టు పోలేదు. లేనిచో ఈ పట్టిక మరికొంత పెరిగెడిదేమో.

ఈ గెలుపులన్నియు సునాయాసముగా వచ్చినవని తలచరాదు. 1983లో బ్రెజిల్‌లోని సావ్ పావ్లో నగరమున జరిగిన ప్రపంచ ఫైనల్‌లో అమెరికాపై సోవియట్ జట్టు గెలిచినది 84–82 తో. అనగా ఒక్క బుట్ట తేడాతో. ఏడేండ్ల క్రితము ముప్పదియైదు పాయింట్ల తేడాతో ఓడినవారు రెండు పాయింట్ల దూరమునకు వచ్చిరి. ప్రపంచము ఎత్తునకు విరుగుడు నేర్చుకొనుచుండెను. అలెక్సేయెవాయు ఉల్యానాయు జాతీయ జట్టును విడిచిన పిమ్మట, 1986లో మాస్కోలోనే జరిగిన ప్రపంచ ఫైనల్‌లో అమెరికా 108–88 తో గెలిచినది. ఉల్యానా 1987లో స్పెయిన్‌లోను, అటుపిమ్మట ఫ్రాన్స్‌లోను క్లబ్బు జట్లకు ఆడి, ఆట విరమించినది.

పతకముల పట్టికలోనికి ఎక్కని సంగతులు కొన్ని కలవు. ఇంత శరీరమునకు అంగడిలో చెప్పులు దొరకవు, దుస్తులు దొరకవు. ప్రతిదియు కొలతలిచ్చి కుట్టించుకొనవలెను. హోటలు మంచము చాలదు. విమానములో మోకాళ్లు పెట్టుకొనుటకు చోటు చాలదు. ఏ దేశము పోయినను విమానాశ్రయము మొదలు వీధి వరకు జనము ఆగి చూతురు. మైదానములో చూచు చూపు వేరు. వీధిలో చూచు చూపు వేరు. మొదటిదానిలో ఆట ఉన్నది, రెండవదానిలో వింత ఒక్కటియే ఉన్నది. ఆ రెండవ చూపును పదమూడవ ఏటి నుండి మోయుచు, మరునాటి ఉదయము మరల అభ్యాసమునకు వచ్చుట సామాన్యమైన ఓర్పు కాదు.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై లాత్వియా స్వతంత్రమైనది. పాత వ్యవస్థతో పాటు పాత క్రీడాకారుల ఆధారములును చెదరిపోయినవి. ఒకనాడు పతకములు తెచ్చినవారు ముసలితనమున మందులకు, ఇంటి ఖర్చులకు తడుముకొనవలసి వచ్చినది. అట్టి లాత్వియా ఒలింపిక్ క్రీడాకారులను ఆదుకొనుటకు ఏర్పడిన సహాయ నిధికి ఉల్యానా నాయకత్వము వహించినది. తన పేరు విన్నచో తలుపులు తెరచుకొనునని ఆమెకు తెలియును. ఆ పేరును ఇతరుల కొరకు వినియోగించినది. ఒకప్పుడు వీధిలో జనము తిరిగి చూచుటకు కారణమైన ఎత్తే, తరువాత పదిమందికి నీడయైనది.

1993లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, ఈ ఆట 1891లో పుట్టిన చోటనే, బాస్కెట్‌బాల్ కీర్తి మందిరములో ఆమెకు స్థానమిచ్చిరి. అమెరికా వెలుపలి స్త్రీలలో ఆ గౌరవము పొందిన మొదటి క్రీడాకారిణి ఆమెయే. అదే సంవత్సరము ఆ మందిరమున ప్రవేశించిన వారిలో ఆన్ మేయర్స్ ఒకరు. ఆమె 1976లో మాంట్రియల్‌లో ఓడిన అమెరికా జట్టులో ఆడిన క్రీడాకారిణి. పదునేడు సంవత్సరముల క్రితము ఎదురెదురుగా నిలిచిన ఇద్దరును ఒకే వరుసలో నిలిచిరి. ఆ వరుసలో ఎవరును ఎవరిని వంగుమనలేదు.

శ్రోతలలో ఏ యింటనైనను తోటివారిని మించి పొడవుగా ఎదుగుచున్న అమ్మాయి ఉండవచ్చును. ఆమె బాస్కెట్‌బాల్ ఆడి తీరవలెనని నేననను. ఏది నేర్చుకొన్నను నిటారుగా నిలిచి నేర్చుకొనుట ఆమె హక్కు. ఫొటో తీయునాడు వరుస పాడగునని ఎవరైన అన్నచో, వరుసనే సరిచేసికొనుడని చెప్పుడు. నా తరగతిలో ఆనాడు ఆ మాట చెప్పినవారు లేరు. నేనును చెప్పలేదు.