పొద్దున తేలి, ఎండెక్కితే మునిగే పాచి

లింగంపల్లిలో మా ఇంటికి గోపీచెరువు దగ్గరే. మనుమణ్ణి వెంటబెట్టుకుని పొద్దున్నే అటు షికారు వెళితే, నీళ్ళమీద పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కనిపించేది. ఎండెక్కాక చూస్తే సగానికి సగం మాయం!

"తాతయ్యా, అది ఎక్కడికి పోయింది?"

"గాలికి కొట్టుకుపోయిందిరా" అని తప్పించుకున్నాను. గాలి పని కొంత వుండవచ్చు గాని, తరువాత చదివి తెలుసుకున్న సంగతి అంతకన్న చమత్కారంగా వుంది.

ఇలా తెట్టుకట్టేవాటిలో సయనోబాక్టీరియా ముఖ్యమైనవి. చూడబోతే నాచు, నిజానికి సూక్ష్మజీవులు. మొక్కల్లాగే వెలుతురుతో ఆహారం వండుకుంటాయి. హుస్సేన్‌సాగరులో పేరుమోసిన మైక్రోసిస్టిస్ ఈ కోవలోదే. దాని కణంలో గాలి నిండిన బుల్లి తిత్తులు వుంటాయి. అవే దాన్ని తేలుస్తాయి. పగటి వెలుతురులో పిండిపదార్థం తయారై, కణం బరువెక్కి కిందికి దిగుతుంది. రాత్రంతా ఆ నిల్వను ఖర్చు చేసుకుని, తేలికపడి, తెల్లవారేసరికి మళ్ళీ పైకి వస్తుంది. భోజనం చేసి నడుం వాల్చే మన అలవాటే అనుకోండి!

మా పొరుగున 1974లో వెలసిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పరిశోధనకు వాడే సినికోసిస్టిస్ సంగతి మరీ వింత. మిల్లీమీటరులో వెయ్యోవంతులు మూడు, అంతే దాని పరిమాణం. ఆ గుండ్రని కణమే భూతద్దమై, వెలుగును తన అవతలి అంచున చుక్కగా చేరుస్తుందని 2016లో ఐరోపా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ చుక్కకు ఎదురుదిక్కుగా, అంటే వెలుగు వచ్చేవైపే, అది పాకుతుందట. కన్ను లేని జీవికి ఒళ్ళే కన్ను!

ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే మా ఇంటావిడ, "మన మేడమీద టాంకు మూత పగిలి నెలయింది, అది చూశారా?" అన్నది. ఎక్కి చూస్తే లోపలి గోడలు పచ్చపచ్చగా వున్నాయి.

"కాచి తాగితే సరి" అన్నాను. తప్పు మాట అది. మైక్రోసిస్టిస్‌లో కొన్ని రకాలు చేసే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కాచినా పోదు. మా టాంకులోది అదేనని కాదు గాని, పసివాడున్న ఇంట్లో పందెం కాయడమెందుకు? నీళ్ళు పారబోయించి, కడిగించి, వెలుతురు చొరని నల్లమూత బిగించాము.

మనుమడు మాత్రం చెరువునీళ్ళు రెండు సీసాల్లో పట్టి, ఒకటి కిటికీలోనూ, ఒకటి అలమరలోనూ పెట్టాడు. కిటికీలోది చిక్కపడుతున్నది. అలమరలోది ఎలా వుందోనని వాడు పూటకు నాలుగుసార్లు తలుపు తీస్తాడు. "అలా తీస్తే వెలుతురు పడుతుందిరా!" అంటే వినడు.