టూరింగ్ బైక్ కొత్తదా, సెకండ్ హ్యాండా? 350 సీసీ గీత దగ్గరే సగం జవాబు

గుంటూరు, పల్నాడు, ప్రకాశం కుర్రాళ్లకు లాంగ్ రైడ్ రూట్లకు కొదవ లేదు. ఇటు బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్, అటు మాచర్ల మీదుగా నాగార్జునసాగర్. ఇంకా ఓపిక ఉంటే దోర్నాల నుంచి నల్లమల ఘాట్ ఎక్కి శ్రీశైలం. రూట్ రెడీ, ఫ్రెండ్స్ రెడీ. తేలనిది బైక్ ఒక్కటే. షోరూమ్‌లో కొత్తది తీసుకోవాలా, లేక అదే డబ్బుకి పై సెగ్మెంట్‌లో వాడిన బైక్ చూడాలా?

ఫోన్ల విషయంలో ఈ లెక్క మనకు అలవాటే. కొత్త మిడ్‌రేంజా, పాత ఫ్లాగ్‌షిప్పా అన్నట్టే ఇదీ. కాకపోతే ఫోన్ తేడా కొడితే పోయేది వేలల్లో. బైక్ తేడా కొడితే పోయేది లక్షల్లో, చాలా ఇళ్లలో అది పంట డబ్బు. అందుకే కాస్త లెక్కలు చూసుకుని దిగుదాం.

జీఎస్టీ మార్చేసిన లెక్క

2025 సెప్టెంబర్ 22 నుంచి బైక్‌ల మీద జీఎస్టీ మారింది. 350 సీసీ వరకు ఉన్నవాటికి 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 సీసీ దాటినవాటికి మాత్రం సెస్‌తో కలిపి 31 శాతం ఉన్నది కాస్తా 40 అయింది.

అంటే ఏంటి? పాత పన్నుతో ఎక్స్‌షోరూమ్ రూ.2 లక్షలు ఉన్న 350 సీసీ బైక్ కొత్త పన్నుతో సుమారు రూ.1.84 లక్షలకు వస్తుంది. రూ.3 లక్షలున్న 400 సీసీ బైక్ సుమారు రూ.3.20 లక్షలు అవుతుంది. ఇది కేవలం పన్ను తేడా. లైఫ్ ట్యాక్స్ కూడా ధర మీదే లెక్కేస్తారు కాబట్టి ఆన్‌రోడ్‌లో తేడా ఇంకొంచెం పెరుగుతుంది. కొన్ని కంపెనీలు పెరిగిన భారాన్ని కొన్నాళ్లు తామే భరించాయి. అందుకే పాత యూట్యూబ్ వీడియోలో చెప్పిన ధర నమ్ముకోకుండా ఈ రోజు రేటు అడగండి.

ఇప్పుడు గీతకి ఇవతల ఎవరున్నారో చూడండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350, క్లాసిక్ 350, హోండా సీబీ350, సుజుకీ వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్ (249 సీసీ), హీరో ఎక్స్‌పల్స్ 210. అవతల హిమాలయన్ 450, కేటీఎం 390 అడ్వెంచర్, 650 ట్విన్స్.

గీతకి ఇవతల కొత్త బైక్ ధర తగ్గింది కాబట్టి రెండేళ్ల పాత బండికి ఎక్కువ పెట్టడంలో అర్థం లేదు. ఎవరైనా "నేను కొన్నప్పుడు ఇంతయింది" అంటే, అది పాత పన్ను రేటు అని గుర్తు చేయండి. అవతల మాత్రం సీన్ రివర్స్. కొత్తది ప్రియమైంది, వాడిన దాన్ని ఇద్దరు వ్యక్తులు నేరుగా అమ్ముకుంటే జీఎస్టీయే ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో అసలు లాభం ఇక్కడుంది.

మన రోడ్లకి ఏది పనికొస్తుంది?

హైవే మీద ఏ బైకైనా బాగానే పోతుంది. మన దగ్గర అసలు పరీక్ష హైవే దిగాకే. నల్లరేగడి నేలలో వాన పడిన డొంక రోడ్డు మీద బురద మడ్‌గార్డ్‌కి, టైరుకి మధ్య బంకలా పట్టేస్తుంది. దానికితోడు సర్కారు తుమ్మ ముళ్లు. అందుకే ట్యూబ్‌లెస్ టైర్ ఉందా లేదా అన్నది స్పెక్ షీట్‌లో చిన్న లైనే అయినా ఇక్కడ పెద్ద విషయం. పాత హిమాలయన్ 411కి ట్యూబ్ టైర్లే. హిమాలయన్ 450 కూడా 2023 నవంబర్‌లో ట్యూబ్ టైర్లతోనే వచ్చింది, ట్యూబ్‌లెస్ స్పోక్ వీల్స్ ఆ తర్వాత వచ్చాయి. మీటియోర్ 350, వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్‌లకు అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు.

ఎండ సంగతి రెంటచింతల వాళ్లకి చెప్పక్కర్లేదు. లిక్విడ్ కూల్డ్ ఇంజిన్ ఎండాకాలం ట్రాఫిక్‌లో మేలే, కానీ రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుంటే ఆ లాభం పోతుంది. వాడిన బైక్ చూసేటప్పుడు టార్చ్ వేసి రేడియేటర్ చూడండి.

సర్వీస్ సెంటర్ దూరం కూడా ఒక స్పెక్కే. గుంటూరు, ఒంగోలు వాళ్లకి ఇబ్బంది ఉండదు. మార్కాపురం కుర్రాడు కంపెనీ సర్వీస్ కోసం ఒంగోలు వెళ్లాలంటే సుమారు 100 కిలోమీటర్లు. అలాంటి ఊళ్లో లోకల్ మెకానిక్ చేయి పెట్టగలిగే సింపుల్ ఇంజిన్ ఉన్న బండే తెలివైన ఎంపిక.

వాడిన బైక్‌లో ఏం చూడాలి?

- వరద బండి: 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ లాంటి ఏరియాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడ మునిగిన బైక్ తుడుచుకుని మన ఊరు రావచ్చు. సీటు ఎత్తి వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు, మీటర్ లోపల ఆవిరి, సందుల్లో ఎండిన మట్టి ఉన్నాయేమో చూడండి. సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబర్ చెప్పి హిస్టరీ అడగండి.
- సముద్రపు గాలి: బాపట్ల, చీరాల వైపు బండైతే స్పోకులు, సైలెన్సర్ బోల్టులు, ట్యాంక్ అడుగు భాగం చూడాలి. తక్కువ కిలోమీటర్లు తిరిగినా తుప్పు ఆగదు.
- టైర్ వయసు: సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. గీతలు బాగున్నా రబ్బరు గట్టిపడి ఉంటే మార్చాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.
- కోన్‌సెట్, ఫోర్క్ సీల్స్: సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పండి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ఖర్చు ఉన్నట్టే. ఫోర్క్ మీద ఆయిల్ గీత కనిపించినా అంతే.
- ఈ20 పెట్రోల్: ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బైక్ అయితే ఓనర్ మాన్యువల్‌లో, ట్యాంక్ దగ్గర స్టిక్కర్ మీద ఏముందో చదవండి. పాత రబ్బరు పైపులు, సీల్స్ మెకానిక్‌కి చూపించండి.
- కోల్డ్ స్టార్ట్: మీరు వెళ్లేసరికి ఇంజిన్ వేడిగా ఉంటే, ఇంకోరోజు పొద్దున్నే వస్తామని చెప్పండి.

కాగితాలు: ఇక్కడ తొందర వద్దు

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ వివరాలు వస్తాయి. పెండింగ్ చలాన్లు కూడా చూసుకోండి. ఓనర్‌షిప్ మార్పుకి ఫారం 29, 30 కావాలి. బైక్ మీద ఫైనాన్స్ ఉంటే ఫారం 35, బ్యాంక్ ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

ఏపీ 07 అంటే గుంటూరు, ఏపీ 27 అంటే ప్రకాశం అని చెప్పేసే రోజులు 2019లో ఏపీ 39 వచ్చాక పోయాయి. ఇప్పుడు నంబర్ చూసి బండి ఏ ఊరిదో చెప్పలేం, ఆర్‌సీలో అడ్రస్ చూడాల్సిందే. హైదరాబాద్ బండి చవగ్గా దొరికితే ఫారం 28 ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా కలిపి చూడండి. ఒక్కోసారి చవకతనం అంతా అందులోనే పోతుంది. ఇంకో మాట: నో క్లెయిమ్ బోనస్ బైక్‌తో రాదు, పాత ఓనర్‌తోనే ఉంటుంది.

ఈఎంఐ నెలనెలా, పంట డబ్బు ఏడాదికోసారి

జీతం వచ్చేవాళ్లకి ఈఎంఐ ఓకే. ఇంటి ఆదాయం పత్తి, మిర్చి మీద ఉంటే లెక్క వేరు. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది యార్డులో రేటు పడినా బ్యాంకు వాయిదా ఆగదు. పైగా వాడిన బైక్ లోన్‌కి వడ్డీ సాధారణంగా కొత్త బైక్ లోన్ కంటే ఎక్కువ. అందుకే సెకండ్ హ్యాండ్ అయితే చేతిలో ఉన్న డబ్బుతోనే కొనండి. అందులోంచి టైర్లు, చైన్ సెట్, ఫుల్ సర్వీస్, మంచి హెల్మెట్‌కి ముందే పక్కన పెట్టండి. మిగిలిందే బైక్ బడ్జెట్.

మా వెర్డిక్ట్

350 సీసీ లోపు చాలనుకుంటే కొత్తదే తీసుకోండి. పన్ను తగ్గింది, వారంటీ ఉంది, కాగితాల టెన్షన్ లేదు. శ్రీశైలం ఘాట్‌కి, వీకెండ్ బీచ్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది. లడఖ్ దాకా కల ఉండి, పెద్ద ఇంజినే కావాలనుకుంటే సెకండ్ హ్యాండ్ చూడండి. కానీ సర్వీస్ రికార్డ్ ఉన్న సింగిల్ ఓనర్ బండి, పూర్తి కాగితాలు, మీ చేతి డబ్బు, ఈ మూడూ కుదిరితేనే. ఒక్కటి తగ్గినా ఆ డీల్ వదిలేయండి. మార్కెట్‌లో ఇంకో బండి దొరుకుతుంది.